పాదం తగలని ఉప్పు

చిన్నకోడలి గంప జీపులోకి ఎక్కుతుంటే వీధి వీధంతా నిలబడి చూసింది.

గంపలో ఉన్నది ఉప్పు. సారా కాదు, తుపాకీ కాదు, దొంగసొత్తు కాదు. పొద్దుటి నుంచి సంత మలుపులో గోనెపట్టా పరుచుకుని, పక్కన ఒక అట్టముక్క నిలబెట్టి, వచ్చేపోయేవాళ్ళను పిలుస్తూ కూర్చుంది మనిషి. అట్టముక్క మీద బొగ్గుతో రాసిన మాటలు రెండే. ఒకటి ఊరి పేరు, రెండోది 'మీగడ ఉప్పు'. నేరమంతా ఆ రెండు మాటల్లోనే ఉందట.

"ఉప్పు అమ్ముకోమ్మా, ఎవరొద్దన్నారు? ఈ పేరు పెట్టి అమ్మకూడదు," అన్నాడు జీపు దిగిన కళ్ళజోడు ఆఫీసరు. కోపంగా కూడా అనలేదు, బడిపిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. "ఈ ఊరి ఉప్పుకి ఇప్పుడు ముద్ర వచ్చింది. దానికో చట్టం ఉంది. నిబంధనల ప్రకారం తీసిన ఉప్పుకే ఆ పేరు."

"నాది ఈ ఊరు కాదా?"

"నీది ఈ ఊరే. నీ ఉప్పుది కాదు."

చిన్నకోడలు నడుం మీద చేతులు పెట్టుకుంది. "నేనూ ఇక్కడే, మడీ ఇక్కడే, సముద్రమూ ఇక్కడే. ఉప్పు ఒక్కటీ ఎక్కడ పుట్టింది బాబూ, మీ అత్తారింట్లోనా?"

జనం గొల్లుమన్నారు. ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి.

"మీ మడులు కాళ్ళతో తొక్కుతారు. ఈ ఊరి మీగడ ఉప్పు అంటే పాదం తగలని ఉప్పు. ఇది నేను పుట్టించిన మాట కాదు. మీవాళ్ళే చెప్పారు, వీడియో కూడా ఉంది."

"ఏ బుద్ధిలేని మొహం చెప్పిందా మాట?"

ఆ మొహం అక్కడే ఉంది. టీకొట్టు స్తంభం వెనక, తోటికోడలికని తెచ్చిన అన్నం గిన్నె రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. జీపు మనిషి అట్టముక్కను మోకాలికి వేసి ఫెళ్ళున విరిచాడు. అప్పుడైనా ఆమె నోరు తెరవలేదు. జీపు వెళ్ళిపోయింది. చిన్నకోడలు రోడ్డు మీద చతికిలబడి, ఇటు తిరిగి, "అక్కా, చూశావా ఈ దౌర్జన్యం?" అని ఏడ్చింది. పెద్దకోడలు గిన్నె ఆమె ముందు పెట్టి, ముందు అన్నం తినమంది. అంతకంటే ఏమీ చేతకాలేదు.

ఆమెకూ పేరుంది గానీ ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఏటి అవతల ఒడ్డు మడుల్లో పనిచేసే ఆడవాళ్ళకు ఒకప్పుడు పెద్దదిక్కు ఆమె అత్త. అత్త మోకాళ్ళు పోయాక ఉప్పు తీసే పలక పట్టుకుని ముందు నడిచింది పెద్దకోడలు. ఇంట్లో పిలుపే ఊరి పిలుపైపోయింది. మంచీ చెడూ ఆమెనే అడుగుతారు, బయటివాళ్ళు వస్తే ఆమెనే ముందుకు తోస్తారు. ఆ తోయడంలోనే వచ్చింది చిక్కంతా.

ఇది చదివే మీలో చాలామంది ఉప్పు కొనుక్కునేవాళ్ళే. అది ఎలా పుడుతుందో చెబుతాను, వినండి. ఉప్పు మడి అంటే జానెడు లోతు కూడా నీళ్ళు నిలవని చదును నేల. ఆ నేల దానంతటది గట్టిపడదు. వానలు వెనకపట్టాక బంకమన్ను పరిచి, ఆడవాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని వరసగా నిలబడి, మడమతో ఒక దెబ్బ, వేళ్ళతో ఒక దెబ్బ వేస్తూ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తొక్కుతారు. ఎక్కడ మెత్తగా ఉందో కంటికి కనపడదు, అరికాలికే తెలుస్తుంది. నేల గచ్చులా బిగిశాక ఉప్పునీళ్ళు పెడతారు. ఎండ ముదిరి, గాలి పడిపోయిన మధ్యాహ్నం నీటి మీద పలచటి పొర ఒకటి కడుతుంది, అచ్చం పాల మీద మీగడలాగే. గట్టు మీద నిలబడి చెక్క పలకతో దాన్ని సుతారంగా తీయాలి. సాయంకాలపు గాలి తగిలిందా, పొర మునిగిపోతుంది. మునిగాక అది మామూలు ఉప్పే. తీసేటప్పుడు ఎవరూ మడిలోకి దిగరు, నిజమే. కానీ తొక్కని మడి మీద మీగడ కట్టదు.

ఈ పని కాళ్ళను తినేస్తుంది. మడమలు పాయలు పాయలుగా పగిలి, ఆ పగుళ్ళలోకి నల్లగా మన్ను దిగి, ఎంత రుద్దినా పోదు. గోళ్ళు ఊడిపోతాయి. పెద్దకోడలు ఒకసారి పెళ్ళికని చెప్పులు కొనుక్కోవడానికి పట్నంలో దుకాణానికి వెళ్ళింది. దుకాణంవాడు ఆమె కాలు చూసి, నేల మీద ఒక పాత కాగితం పరిచి, "దీని మీద పెట్టు," అని దూరం జరిగాడు. చెప్పులు కొనకుండానే బయటికి వచ్చేసింది. ఆ కాగితం మాత్రం ఆమె మనసులోంచి పోలేదు. అప్పటి నుంచి నలుగురిలో కూర్చుంటే కాళ్ళు బట్ట కిందికి లాక్కోవడం అలవాటైంది.

ముద్ర కోసం ఆఫీసర్లు వస్తున్నారని పోయిన ఎండాకాలంలో ప్రెసిడెంటు కబురు చేశాడు. ప్రెసిడెంటు అంటే వేరే ఎవరో కాదు, గోదాము వాడిదే, లారీలు వాడివే, మొన్నటి దాకా అందరూ కంట్రాక్టరు అని పిలిచిన మనిషే. 'ఉత్పత్తిదారుల సంఘం' అని ఒకటి పెట్టి, దానికి తానే ప్రెసిడెంటై, బావమరిదిని సెక్రటరీని చేసి, లారీ డ్రైవరును సభ్యుడిగా చేర్చుకున్నాడు. పలక ముట్టినవాళ్ళు ఆ సంఘంలో ఒక్కరూ లేరు.

ఆ రోజు వాడు వ్యాను నిండా రబ్బరు బూట్లు తెచ్చి గట్టు మీద దింపాడు.

"పై దేశాలవాళ్ళు తినే ఉప్పమ్మా ఇది. మీ కాళ్ళు చూస్తే వాళ్ళకు ముద్ద దిగుతుందా? ఊరి పరువు కదా! ఒక్క పూట వేసుకోండి," అన్నాడు.

పరువు అన్నాక ఎవరు కాదంటారు? అందరూ ముసిముసిగా నవ్వుకుంటూ బూట్లు తొడుక్కున్నారు. గోదాములో అప్పటికే నల్ల ప్లాస్టిక్ షీట్ల చుట్టలు దిగి ఉన్నాయి. అవెందుకని ఎవరూ అడగలేదు.

కెమెరా ముందు నిలబెట్టి కళ్ళజోడు ఆఫీసరు పెద్దకోడలిని అడిగాడు, "మడిలో కాళ్ళు పెడతారా?"

ఆమె కళ్ళ ముందు ఆ దుకాణం, ఆ కాగితం కదిలాయి. "ఛ ఛ, లేదు సార్. పాదం తగలనివ్వం. మా అత్తల నాటి నుంచీ అంతే," అనేసింది. అబద్ధం అంత సులువుగా వస్తుందని ఆమెకే తెలియదు.

అంతటితో ఆగినా బాగుండేది. పంపుషెడ్డు వెనక ఎండలో కాళ్ళు చాపుకుని కూర్చున్న ముసలమ్మ ఆఫీసరు కంటపడింది. ఆ కాళ్ళు అందరి కాళ్ళకంటే అన్యాయంగా ఉంటాయి. పొద్దున్నే ఆమెను అక్కడికి తీసుకెళ్ళి, "ఇటు రాకత్తా," అని కూర్చోబెట్టింది పెద్దకోడలే.

"ఆవిడెవరు?"

"ఎవరో సార్. అడుక్కునే ముసలమ్మ."

అత్తకు వినపడింది. చాపిన కాళ్ళను మెల్లగా లోపలికి ముడుచుకుని, పైన గోనెగుడ్డ కప్పుకుంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అత్త పెద్దకోడలితో మాట్లాడలేదు. ఒకే వంటగది, ఒకే గడప. చిన్నకోడలు వడ్డిస్తేనే తినేది. ఎందుకని చిన్నకోడలు ఎన్నోసార్లు అడిగింది. ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

గంప పోయిన మర్నాడు పొద్దున పడవల షెడ్డులో మీటింగు పెట్టారు. ఒడ్డు మడుల ఆడవాళ్ళు, గోదాము హమాలీలు, పడవలవాళ్ళు ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చున్నారు. అత్తను కూడా చిన్నకోడలు పట్టుకొచ్చి బోర్లించిన పడవ మీద కూర్చోబెట్టింది.

ముందు హమాలీ ఒకడు లేచాడు. భుజం మీద తువ్వాలు తీసి చేతికి చుట్టుకుంటూ చెప్పాడు.

"మీ దగ్గర 'పేరులేని ఉప్పు' అని కొంటున్నాడు కదా ప్రెసిడెంటు, అది ఎటు పోతోందో తెలుసా? గోదాములో తలుపులు వేసి మీ ఉప్పే ముద్ర ఉన్న డబ్బాల్లో పోయిస్తున్నాడు. పోసేది నేనే. మూతలు బిగించేదీ నేనే. నల్ల షీట్లు పరిచిన వాడి మడుల్లో ఉప్పు నోట్లో పెట్టలేం, చేదు. దాన్ని చేపలు ఎండబెట్టేవాళ్ళకు తోలుతున్నాడు."

షెడ్డంతా ఒక్కసారి హోరెత్తింది. "అంటే ఉప్పు మనదీ, పేరు వాడిదీనా?" "ఇన్నాళ్ళూ చెప్పవేంరా చచ్చినోడా?" "చెబితే నా పని నువ్విస్తావా?"

ఒక ముసలి పడవవాడు చేతులు ఊపి ఆపాడు. "ఊరుకోండే. పేరు లేకపోతే పోయింది. ఊరి పేరు కూడు పెడుతుందా ఏంటి?"

"అదే పెడుతోంది తాతా, కాకపోతే వాడికి పెడుతోంది," అంది చిన్నకోడలి కూతురు. పట్నంలో కాలేజీలో చదువుతోంది, నిన్న గంప సంగతి విని బస్సెక్కి వచ్చేసింది. "దీన్ని భౌగోళిక గుర్తింపు అంటారు. ఒక ఊరి మన్నూ, గాలీ, అక్కడి మనుషుల పనితనమూ కలిస్తేనే ఈ సరుకు వస్తుంది, కాబట్టి ఈ పేరు వేరేవాళ్ళు వాడకూడదని చట్టం. చట్టం మంచిదే. ఆ పేరు వల్ల వెల పదింతలైంది. ఆ పదింతలూ ఎవరి చేతికి పోవాలి? ఉత్పత్తిదారు చేతికి. మరి ఉత్పత్తిదారు ఎవరు? నిబంధన ఎవరు రాయించుకుంటే వాడు! పాదం తగలకూడదని రాయించాడు, షీటు పరిచాడు. షీటు కొనలేని మనం బయటికి పోయాం. మన ఉప్పుకి పేరు తీసేశాడు కాబట్టి మన దగ్గర చవగ్గా కొంటున్నాడు. లోపలికెళ్ళి మళ్ళీ పేరు తగిలిస్తున్నాడు. లాభమంతా ఆ తలుపు వెనకే ఉంది."

"మరి మనం కాళ్ళతో తొక్కం అని ఏ పాపిష్టి నోరు చెప్పింది? అది తేల్చండి ముందు," అని అరిచింది చిన్నకోడలు.

"వీడియో వాళ్ళ వెబ్‌సైటులోనే ఉందమ్మా. ఇప్పుడే దొరికింది, నేనూ చూడలేదు," అని పిల్ల ఫోను పైకెత్తి పట్టుకుని, చప్పుడు పెంచింది.

పెద్దకోడలు లేచి పోదామనుకుంది. కాళ్ళు రాలేదు.

ఛ ఛ, లేదు సార్. పాదం తగలనివ్వం. మా అత్తల నాటి నుంచీ అంతే. షెడ్డులో పడవలవాళ్ళు, హమాలీలు, ఆడవాళ్ళు, అందరూ ఆమె వైపు తిరిగారు. పిల్ల బిక్కచచ్చి ఫోను ఆపబోయింది. ఆగలేదు. ఆవిడెవరు? ఎవరో సార్. అడుక్కునే ముసలమ్మ.

పడవ మీది నుంచి అత్త మెల్లగా దిగి, కర్ర అందుకుని, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచి వెళ్ళిపోయింది. పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండు, కొట్టినా బాగుండు, నేల చీలి లోపలికి లాక్కున్నా బాగుండు అనుకుంది. నేల గట్టిగానే ఉంది.

"నోట్లో మన్ను కొట్టావు కదే!" అంది ఒకామె. "వాడెంతిచ్చాడు నీకు?" అంది ఇంకొకామె.

"ఏమీ ఇవ్వలేదు," అంది పెద్దకోడలు. "సిగ్గేసింది. అంతే. కాళ్ళు చూస్తారని సిగ్గేసింది."

హమాలీ నవ్వబోయి ఆగిపోయాడు. ఆడవాళ్ళు ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నారు. చిన్నకోడలు కూతురి చేతిలోంచి ఫోను లాక్కుని మళ్ళీ పెట్టింది, కళ్ళు చికిలించి చూసింది.

"అందరూ ఆగండి. ఆమె వెనక ఎవరున్నారో చూడండి. ఇదిగో నేను. బూటు కరిచిందని పళ్ళికిలిస్తున్నాను. ఇదిగో నువ్వు, నోట్లో మన్ను అన్నదానివి. ఆమె లేదు సార్ అంటుంటే గంగిరెద్దులా తల ఊపుతున్నావు. నాకూ సిగ్గేసింది. ఎవరికి వెయ్యలేదో చెప్పండి!" ఫోను కిందికి దించి తోటికోడలి వైపు తిరిగింది. గొంతు మారిపోయింది. "బూట్లు అందరం వేసుకున్నామక్కా. ఆ రెండో మాట మాత్రం నువ్వొక్కదానివే అన్నావు. దానికి నేనేం చెయ్యలేను."

ఈ లోకంలో పంపకాల తీరు చూడండి. లాభం పైకి పోతుంది, సిగ్గు కిందికి దిగుతుంది. బూట్లు మోసుకొచ్చినవాడికి సిగ్గు లేదు. తలుపులు వేయించి మూతలు బిగింపించినవాడికి లేదు. ఆ నేలను రాయిలా చేసిన కాళ్ళకు మాత్రం ఏళ్ళ తరబడి సిగ్గు.

మీటింగు మధ్యాహ్నం దాకా సాగింది. చివరికి ఒక మాట మీదికి వచ్చారు. పేరులేని ఉప్పు ఇక గోదాముకు పోదు. మీగడ తీయొద్దు, మునిగిపోనివ్వాలి. కొనేవాళ్ళను వెంటబెట్టుకుని ఆఫీసర్లు తనిఖీకి వచ్చే రోజు దగ్గరపడుతోంది. ఆ రోజు నిబంధన తప్పని వాళ్ళ ముఖానే చెప్పాలి.

"చెప్పాల్సింది మొదట చెప్పిన మనిషే పెద్దమ్మా," అంది పిల్ల. "అబద్ధం చెప్పానని నువ్వే అనాలి."

పెద్దకోడలు తల ఊపింది.

మీగడ మునిగిపోతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో పలక పట్టినవాళ్ళకే తెలుసు. ఆడవాళ్ళు పలకలు ఒళ్ళో పెట్టుకుని గట్ల మీద వరసగా కూర్చునేవారు. మధ్యాహ్నానికి తెల్లగా, నిండుగా పొర కట్టేది. చేతులు వాటంతటవే లేచేవి, పక్కవాళ్ళు పట్టుకుని దించేవాళ్ళు. సాయంకాలం గాలి వచ్చి పొర ముక్కలు ముక్కలుగా మునిగిపోతుంటే కొందరు మొహం తిప్పేసుకునేవారు. ఇళ్ళల్లో పొయ్యిలు సరిగ్గా వెలగడం లేదు. హమాలీలు కూడా పని మానేశారు. గోదాములో డబ్బాలు ఖాళీగా పడి ఉన్నాయి.

ప్రెసిడెంటు తానే కదిలాడు. పెద్దకోడలు ఇంటి ముందు నీళ్ళు పట్టుకుంటుంటే వచ్చి, గోడకు ఆనుకుని, చుట్టంలా పలకరించాడు.

"నిన్ను సంఘంలో చేర్చుకుంటానమ్మా. షీటు నా ఖర్చే. ముద్ర నీ ఉప్పుకీ వస్తుంది. నీ ఒక్కదానికీ."

"మిగతావాళ్ళకి?"

"మిగతావాళ్ళు నీలా మాట్లాడగలరా?" నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. "లేదూ, తనిఖీ రోజు మాట మారుస్తానంటావా? గవర్నమెంటుకు అబద్ధం చెప్పినదానివి అవుతావు. వీడియో ఉంది. లోపలేస్తారు. పేపర్లో నీ బొమ్మ వేస్తారు, నీ కాళ్ళ బొమ్మ కూడా. ఆలోచించుకో."

ఆమె నీళ్ళు నమిలింది. పొమ్మనలేకపోయింది. బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు. వాడు వెళ్ళాక తన మీద తనకే అసహ్యం వేసింది. కాళ్ళ బొమ్మ అనగానే గుండె గుభేలుమన్నది. జైలు అంటే కూడా అంత కొట్టుకోలేదు.

బిందె వదిలేసి ఏరు దాటి ఒడ్డు మడులకు పోయింది. ఎవరూ ఉండని పొద్దుటి పూట అది. కానీ చివరి మడిలో ఒక మనిషి ఉంది. అత్త. పని ఆగిపోయి నీళ్ళు ఇంకిన మడిలో కర్ర ఊతం మీద నిలబడి, మడమతో ఒక దెబ్బ, వేళ్ళతో ఒక దెబ్బ వేస్తోంది. రెండు దెబ్బలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది.

పెద్దకోడలు గట్టు మీద మోకాళ్ళ మీద కూలబడింది. "అత్తా, నన్ను..."

"నోరు ముయ్యి," అంది అత్త. ఏడాదిగా ఆమె నోటి నుంచి విన్న మొదటి మాట అది. "ఏడవడానికి వచ్చావా? ఇంట్లో ఏడువు. మడి మెత్తబడింది, కాళ్ళకు తెలియడం లేదూ? దిగు."

పెద్దకోడలు చెప్పులు విడిచి దిగింది. అత్త చెయ్యి వచ్చి ఆమె భుజం మీద పడింది, పట్టు కోసం. ఇద్దరూ తొక్కారు. గట్టు దగ్గరికి చేరాక అత్త ఆగి, మన్ను అంటిన తన కాళ్ళను చూసుకుంటూ, ఎవరితోనో అన్నట్టు అంది.

"నేను అడుక్కున్న మాట నిజమే. నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు, వానలకు మడులన్నీ పోయినప్పుడు, ఇల్లిల్లూ తిరిగి అడుక్కున్నాను. దానికి నాకు సిగ్గు లేదు. నువ్వు 'ఎవరో' అన్నావు చూడు, అదే దిగమింగలేకపోయాను."

పెద్దకోడలు అత్త చేతిని తన భుజం మీదికి లాక్కుంది. మళ్ళీ ఆ చివర నుంచి మొదలుపెట్టారు.

తనిఖీ రోజున షీటు మడుల దగ్గర గుడారం వేశారు. కుర్చీల మీద తెల్ల గుడ్డలు కప్పారు. కళ్ళజోడు ఆఫీసరు, కొనేవాళ్ళు, ప్రెసిడెంటు, ఒక కెమెరా. మడుల గట్ల మీద బూట్లు తొడుక్కుని నిలబడ్డ కూలీలు ఎక్కడి నుంచో తెచ్చినవాళ్ళు. ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడకూడదని వాళ్ళకు ఆంక్ష.

ఏటి వైపు నుంచి ముందు పాదాల చప్పుడు వినిపించింది. తర్వాత తలలు కనపడ్డాయి, తలల మీద బంకమన్ను తట్టలు. ఒడ్డు మడుల ఆడవాళ్ళంతా, వెనక హమాలీలు, పడవలవాళ్ళు. ఒక్క కాలికీ చెప్పు లేదు. ప్రెసిడెంటు పరుగెత్తుకొచ్చాడు.

"ఏయ్! ఇది ప్రైవేటు స్థలం! గేటు ముయ్యండ్రా!"

గేటు మూయాల్సినవాళ్ళు హమాలీలే. పెద్దకోడలు నేరుగా కెమెరా ముందుకు వెళ్ళి నిలబడింది. సిగ్గు పోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. ముఖమంతా సెగలు కక్కుతోంది, కాళ్ళు వాటంతటవే ఒకదాని వెనక ఒకటి దాక్కోబోతున్నాయి. వాటిని లాగి ముందుకు పెట్టింది.

"సార్, పోయినేడు నేను మీకు అబద్ధం చెప్పాను. పాదం తగలనివ్వం అన్నాను. పాదం తగలని మీగడ ఈ ఊళ్ళో ఎప్పుడూ పుట్టలేదు. మడి తొక్కేది మేమే. ఇవీ ఆ కాళ్ళు. తీసుకోండి బొమ్మ."

కెమెరా కుర్రాడు ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు తడబడ్డాడు. "ఇలా కాదమ్మా, అభ్యంతరం ఉంటే అర్జీ పెట్టుకోవాలి..."

"మా పని చూపించమని మీరే కదా అడిగారు సార్. చూపిస్తున్నాం."

చిన్నకోడలు మొదటి మడిలోకి దిగి షీటు అంచు పట్టుకుని లాగింది. పదిమంది పట్టుకున్నారు. నల్ల షీటు చీలుతూ లేచింది. దాని కింద ఏళ్ళ నాడు తొక్కిన పాత నేల బూజు వాసన కొడుతూ బయటపడింది. తట్టలు బోర్లించారు. భుజాలు పట్టుకున్నారు. మడమతో ఒక దెబ్బ, వేళ్ళతో ఒక దెబ్బ.

కర్ర ఊతంగా వేసుకుంటూ అత్త గట్టు దిగుతోంది. ఆఫీసరు విసుగ్గా చెయ్యి చూపించాడు. "ఆవిడెవరు? పడిపోతుంది, ఎవరైనా పక్కకి తీసుకెళ్ళండి."

వరస ఆగింది. పెద్దకోడలు మడిలోంచి తలెత్తింది.

"మా అత్త," అంది. మళ్ళీ అంది, ఈసారి ఊరంతా వినేట్టు. "మా అత్త సార్! ఉత్పత్తిదారు అని రాశారే మీరు, ఆ మనిషి ఈమె! మీరు కుర్చీలు వేసుకున్న నేల కూడా ఈమె తొక్కిందే!"

అత్త ఆమె వైపు చూడలేదు. వచ్చి వరసలో పెద్దకోడలి పక్కన నిలబడి, భుజం అందుకుంది. "ఊఁ, కానివ్వండి," అంది.

పోలీసు వ్యాను వచ్చేసరికి మడి సగం అయింది. ప్రెసిడెంటు వేలు పెట్టి ఒక్కొక్కరినీ చూపించాడు. ఇద్దరు పోలీసులు పెద్దకోడలి రెక్కలు పట్టుకున్నారు. చిన్నకోడలు తనంతట తానే ఎక్కింది, "నా గంప ఎక్కిన జీపు ఇదేనా బాబూ?" అని అడుగుతూ. అత్తను చూసి ఇన్స్పెక్టరు, "ముసలమ్మను వదిలేయండి," అన్నాడు.

"ఎందుకు వదులుతావు? అందరికంటే ఎక్కువ తొక్కింది నేను," అని అత్త వ్యాను మెట్టు మీద కర్ర పెట్టింది.

అప్పుడు గట్టు మీద బూట్ల కూలీల్లో ఒక పడుచుపిల్ల వంగి బూటు లాగేసింది. లోపలి కాలు నాని, పాలిపోయి, బొబ్బలు చితికి ఉంది. రెండో బూటు కూడా లాగి గట్టు మీద పెట్టింది. "మా కాళ్ళూ ఇంతే అక్కా. మూసిపెట్టారు," అంది వ్యాను వైపు చూసి. పక్కవాడు బూట్లు విప్పాడు. ఆ పక్కామె విప్పింది. ప్రెసిడెంటు అరుస్తూనే ఉన్నాడు.

వ్యాను కదిలింది. నేలంతా వాళ్ళ పాదాల బంకమన్నే. పెద్దకోడలు అలవాటు కొద్దీ కాళ్ళను సీటు కిందికి లాక్కోబోయింది. ఎదుట కూర్చున్న అత్త కర్ర కొసతో ఆమె మడమను తట్టింది.

"బయట పెట్టవే. ఇంకెవరికి దాస్తావు?"

పెద్దకోడలు కాళ్ళు చాపింది. అత్త కూడా చాపింది. వెనక కిటికీ ఊచల్లోంచి చూస్తే గట్టు మీద బూట్లు వరసగా ఉన్నాయి, మడిలో మాత్రం మనుషులు తగ్గలేదు. మిగిలినవాళ్ళూ, కొత్తగా దిగినవాళ్ళూ భుజాలు పట్టుకున్నారు. మడమతో ఒక దెబ్బ, వేళ్ళతో ఒక దెబ్బ. వ్యాను మలుపు తిరిగాక కూడా ఆ చప్పుడు వినపడుతూనే ఉంది.